భీమలింగం నిద్ర

పేరయ్య శాస్త్రులు గారిని ప్రశ్న అడగాలంటే శిష్యులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు. ఆయన కోపిష్టి అని కాదు. అడిగిన దానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు, అడిగిన వాడికి పని చెప్పే అలవాటు ఉంది. పైత్యం ఎందుకు పెరుగుతుందని ఒకడు అడిగితే వాణ్ణి మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టి ఎండుమిరపకాయలకు తొడిమలు తీయించారు. ఇద్దరు ఆచార్యులు చెరో మాట చెబితే ఎవరి మాట పట్టుకోవాలని ఇంకొకడు అడిగితే, ఊళ్ళో పోట్లాడుకుంటున్న అత్తాకోడళ్ళ ఇంటికి కషాయం ఇచ్చి రమ్మని పంపించారు. పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది. దొరకని వాళ్ళు రెండోసారి అడిగేవారు కాదు. గోదావరి పాయ ఒడ్డున, కొబ్బరితోటల మధ్య ఆయన వైద్యశాల ఉండేది. పడవ దిగి గట్టెక్కిన వాళ్ళకి ఇంటి కంటే ముందు దాని పొయ్యి పొగ కనిపించేది.

అలాంటి గురువు దగ్గరికి ఒకనాటి ఉదయం ఆయన పెద్ద శిష్యుడు దక్షిణామూర్తి వచ్చి నిలబడ్డాడు. శాస్త్రులు గారు చాప మీద కూర్చుని కరక్కాయలు ఏరుకుంటున్నారు.

“గురువు గారూ, మనుషులకి నిద్ర ఎందుకు పట్టదండీ?”

“ఏ మనుషులకి?”

“రోగులకండీ.”

“ఎవరైనా వచ్చారా?”

“ఇంకా రాలేదండీ. వస్తారేమోనని అడుగుతున్నాను. వాతం చెడితే పట్టదని చదివాను. పొద్దుపోయి తింటే పట్టదు, పగలు పడుకుంటే రాత్రి పట్టదు, మనసులో బెంగ ఉంటే పట్టదు. అవన్నీ సరే. అవేవీ లేని వాడికి కూడా పట్టడం లేదంటే కారణం ఏమై ఉంటుందండీ?”

శాస్త్రులు గారు తలెత్తి ఆ అబ్బాయి కళ్ళలోకి చూశారు. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. మళ్ళీ కరక్కాయల వైపు తిరిగారు. ఆయన ఏం పని చెప్పారో చెప్పే ముందు, ఏ బెంగా లేని ఆ రోగి సంగతి పాఠకులు కొంచెం తెలుసుకోవాలి. తన జబ్బును ఊరివాళ్ళ జబ్బుగా మార్చి అడగడం మనలో చాలామందికి ఉన్న అలవాటే కాబట్టి, దక్షిణామూర్తిని చూసి ఇప్పుడే నవ్వకండి.

ఆ వైద్యశాలలో కాచే తలనూనెకి ఆ చుట్టుపక్కల గొప్ప పేరు. నడినెత్తిన చెమ్మగిల్లేటట్టు అద్దితే చాలు, నిద్ర రానివాళ్ళకి నిద్ర వస్తుందని జనం నమ్మకం. అన్ని మూలికలూ చేరి, సన్నని కొబ్బరి డొక్కల నిప్పు మీద రోజుల తరబడి కాగాలి. కాచడం ఒక ఎత్తు, దించడం ఒక ఎత్తు. ముందు దించితే నీరు మిగిలిపోయి త్వరలోనే కంపు కొడుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే మాడుతుంది. గుండిగ అడుగున ఉన్న మూలికల ముద్దని కాస్త తీసి, వేళ్ళ మధ్య వత్తిలా నలిపి నిప్పులో వెయ్యాలనీ, చిటపటలాడకుండా కాలితే దించెయ్యాలనీ గ్రంథంలో ఉంది. గ్రంథంలో ఉన్నది ఎవరైనా చదువుకోవచ్చు. దానికి పైన ఏదో మర్మం ఉందనీ, అది శాస్త్రులు గారి వేళ్ళకే తెలుసుననీ శిష్యుల అనుమానం. నూనె కలిపేది పొడుగాటి పనసకర్ర గరిటెతో. గురువుకి వయసు మీరాక ఆ గరిటె ఎవరి చేతికి ఇస్తే వైద్యశాల వాడిది అవుతుంది. ఆ ఇంటి ఆనవాయితీ అది. ఆ ఏడు శాస్త్రులు గారి కుడిచెయ్యి కొద్దికొద్దిగా వణకడం మొదలుపెట్టింది. గరిటె మాట పైకి ఎవరూ ఎత్తేవారు కాదు. అప్పటికి అక్కడ మిగిలిన శిష్యులు ఇద్దరే.

దక్షిణామూర్తి మీసాలు రాని వయసులో వచ్చి చేరినవాడు. గ్రంథాలన్నీ నోటికి వచ్చు. మధ్యలో ఎక్కడ ఆపి అడిగినా అక్కడి నుంచి అందుకోగలడు. గరిటె తనదేనని అతనికి ఎంతో కాలంగా నమ్మకం, భీమలింగం వచ్చేవరకూ. ఈ భీమలింగం తుని వైపు నుంచి వచ్చాడు. పెద్ద ఒళ్ళు, పెద్ద ఆకలి, పెద్ద నవ్వు. శ్లోకం ఎత్తుకుంటే సగంలో ఆగిపోయి, “ఆ తరవాతది మూర్తి అన్నయ్య చెబుతాడండీ” అని చక్కా కూర్చునేవాడు. అలాంటి వాడు వచ్చిన కొత్తలోనే గురువు గారు వాడికి పొయ్యి వంతు అప్పగించారు. అంటే తెల్లవారకముందే లేచి, నివురు తీసి, డొక్కలు ఎగదోసి, నిప్పు ఎగసిపోకుండా ఆరిపోకుండా చూస్తూ కూర్చోవడం. కాసేపటికి శాస్త్రులు గారు ఉత్తరీయం కప్పుకుని వచ్చి గుండిగలోకి చూసేవారు. తరవాత వంగి, భీమలింగం చెవి దగ్గర ఏదో మెల్లగా అనేవారు. వాడు తల ఊపేవాడు. ఆయన వెళ్ళిపోయేవారు.

ఇదంతా వసారాలో చాప మీద పడుకున్న దక్షిణామూర్తి ఒకనాడు అనుకోకుండా చూశాడు. ఆ క్షణాన అతనికి కన్ను కుట్టింది. ఇన్నేళ్ళుగా తన చెవిలో చెప్పని మాట నిన్న వచ్చిన ఆ శ్లోకం రాని వాడి చెవిలో చెబుతున్నారు! మరునాడు కావాలని మేలుకుని చూశాడు. మళ్ళీ అదే. ఏం చెబుతున్నారో వినాలని ఆ మరునాడు చాపని రెండు జానలు పొయ్యి వైపు జరుపుకున్నాడు. మాట వినపడలేదు. ఆ వేళకి మెలకువ రాదేమోనని ముందుగా మేలుకోవడం మొదలైంది. ముందుగా మేలుకోవాలంటే అసలు గాఢంగా నిద్రపోకుండా ఉండడమే మేలనిపించింది. అలా కొన్నాళ్ళు అతను నిద్రని వద్దన్నాడు. ఆ తరవాత రమ్మన్నా అది రాలేదు.

ఇక్కడే కథ కాస్త వింతదారి పట్టింది. దక్షిణామూర్తి పక్క మీద అటు దొర్లీ ఇటు దొర్లీ వేసారిపోతుంటే, పక్క చాప మీద భీమలింగం గుర్రు పెట్టి నిద్రపోయేవాడు. తల ఆనించడమే ఆలస్యం. ఆ గురకలో ఒక తొందర లేదు, తడబాటు లేదు, ఎవరికీ ఏమీ బాకీ లేనట్టు సాగిపోయేది. దక్షిణామూర్తికి మొదట గరిటె మీద అసూయ, పోను పోను ఆ గురక మీదే అసూయ. గరిటె పోతే పోయింది, ఆ నిద్ర వాడికెందుకు? అంత చదువు చదివి, అన్ని నియమాలు పాటించి, ఒక పూట కూడా అజీర్ణం ఎరగని తనకి లేనిది, గుమ్మడికాయ పులుసు నాలుగుసార్లు వేయించుకున్న వాడికి ఎందుకివ్వాలి? అసూయపడేవాడికి ఎదుటివాడి సొమ్మే కాదు, వాడు పీల్చే గాలి కూడా తనదే అనిపిస్తుంది. ఈ మాట నేను చెప్పడం తేలిక. పక్కన ఒకడు హాయిగా గుర్రుపెడుతుంటే కప్పు వైపు చూస్తూ పడుకున్న వాళ్ళకి మాత్రం ఇది మాటలతో పోయే మంట కాదు.

వైద్యం తెలిసిన వాడు కాబట్టి అతను తనకి తానే వైద్యం మొదలుపెట్టాడు. వెచ్చని గేదెపాలలో జాజికాయ అరగదీసి తాగాడు. గసగసాలు నూరి తిన్నాడు. అరికాళ్ళకి నెయ్యి రాసుకున్నాడు. ఆఖరికి ఆ ఇంటి తలనూనే దొంగతనంగా దోసెడు తీసి నెత్తిన పోసుకున్నాడు. అది చెవుల వెంట కారి చాప తడిసింది, నిద్ర మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? మందు వేసుకున్న దగ్గర్నుంచీ అది పనిచేస్తోందో లేదో చూస్తూ పడుకునేవాడు. మూడు వేళ్ళు తన మణికట్టు మీదే పెట్టుకుని, నాడి నెమ్మదించిందా, ఇప్పుడు నెమ్మదించిందా అని పరీక్షించుకునేవాడు. వైద్యం చదివిన వాడికి తప్ప ఇలాంటి తెలివితక్కువ పని మరొకరికి చేతకాదు.

ఒకనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. భీమలింగం వసారాలో కాస్త నడుం వాల్చి, అలాగే నిద్రలోకి జారిపోయాడు. దక్షిణామూర్తి చుట్టూ చూసి, మెల్లగా వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు. వాడి కుడిచెయ్యి తీసుకుని మణికట్టు మీద వేళ్ళు ఆనించాడు. నిద్ర ఎలా ఉంటుందో ఆ నాడిలో దొరకబుచ్చుకుని, తన నాడిని దానికి తగ్గట్టు దిద్దుకోవాలని అతని ఆలోచన. వాడి నాడి హంసలా నింపాదిగా నడుస్తోంది. రెండో చేత్తో తన నాడి చూసుకున్నాడు. అది కప్పలా గెంతుతోంది. పళ్ళు నూరుకున్నాడు. భీమలింగం కళ్ళు తెరవకుండానే, “నాకు జ్వరం లేదు అన్నయ్యా, నువ్వు కూడా కాస్సేపు పడుకో” అని చెయ్యి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు. ఆ ప్రేమకి దక్షిణామూర్తికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

ఇలా ఉండగా పగటి పని చెడడం మొదలైంది. గురువు గారి చెయ్యి వణుకుతున్నందువల్ల చాలామంది రోగుల నాడి దక్షిణామూర్తే చూసేవాడు. ఇప్పుడు అతని వేళ్ళ కింద రోగి నాడి కొట్టుకుంటోందో తన వేలి నాడి కొట్టుకుంటోందో తెలియకుండా పోయింది. ఒకసారి దగ్గుతో వచ్చిన పడవ సరంగు నూకరాజు చెయ్యి పట్టుకుని, చూస్తూ చూస్తూ కునికిపోయాడు. పాపం నూకరాజు చాలాసేపు ఓపిక పట్టాడు. చివరికి, “అయ్యగారండీ, తమరు తొంగుంటే తొంగోండి గానండీ, నా సెయ్యొదిలేత్తే అవతల పడవలో జనం తిడతన్నారండి” అన్నాడు. అక్కడున్న వాళ్ళు నవ్వారు. శాస్త్రులు గారు నవ్వలేదు. ఆ రోజు నుంచి నాడి చూడడానికి కూడా భీమలింగాన్ని పక్కన కూర్చోబెట్టుకోసాగారు. గరిటె ఎటు వెళ్ళబోతోందో దక్షిణామూర్తికి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఆ మరునాడే అతను రోగుల పేరు పెట్టి గురువు గారిని ఆ ప్రశ్న అడిగాడు.

శాస్త్రులు గారు కరక్కాయలు ఏరడం పూర్తిచేసి చేతులు దులుపుకున్నారు. “వట్టివేళ్ళు అయిపోయాయి నాయనా. రేపు పొద్దున్న పడవకి అవతలి లంకకి వెళ్ళి తవ్వించుకురా. మన వీర్రాజు పొలంలో దిగు. తొందరేం లేదు, అక్కడే కడిగించి, నీడన బాగా ఆరబెట్టించి, అప్పుడు తీసుకురా.”

“మరి నూనె రేపే కదండీ పొయ్యి మీద పెట్టడం?”

“అవును. భీమలింగం ఉన్నాడుగా.”

ఆ ‘ఉన్నాడుగా’ అన్న మాట దక్షిణామూర్తికి శూలంలా దిగింది. సరిగ్గా నూనె ఎక్కించే రోజున తనని నది దాటిస్తున్నారంటే అర్థమేమిటి? మర్మం పూర్తిగా వాడికి అప్పగించడానికి కాకపోతే ఎందుకు? గురువు గారి మీద కూడా అతనికి మొదటిసారిగా కడుపు మండింది. కానీ కాదనలేక వెళ్ళాడు.

అవతలి లంకలో వీర్రాజు మంచి రైతు. అయ్యగారి శిష్యుడు వచ్చాడని పాకలో నులకమంచం వేయించాడు, అరిటాకులో వేడన్నం వడ్డించాడు. దక్షిణామూర్తి మాత్రం ఇసుక మీదికి వెళ్ళి నది వైపు తిరిగి కూర్చునేవాడు. కొబ్బరి చెట్ల పైన వైద్యశాల పొగ సన్నగా లేస్తూ అక్కడికి కనిపించేది. దాన్ని చూస్తూ, ఇప్పుడు ముద్ద కలిపి ఉంటారు, ఇప్పుడు పాలు పోసి ఉంటారు, ఇప్పుడు వాడి చెవిలో చెబుతూ ఉంటారు అని లెక్క కట్టుకునేవాడు. ఇక్కడ గురక లేదు. పక్కన ఎవరూ లేరు. చల్లని నదిగాలి. అయినా కంటి మీద కునుకు లేదు. వట్టివేళ్ళు ఎవరు తవ్వుతున్నారో ఎవరు కడుగుతున్నారో కూడా పట్టించుకోలేదు. వీర్రాజు వచ్చి అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయి, “ఆ పొగెక్కడికీ పారిపోదు గానండీ, ముందు నాలుగు మెతుకులు తినండి బాబూ” అనేవాడు.

ఒకనాడు పొద్దెక్కాక ఆ పొగ నల్లగా లేచింది. సన్నని డొక్కల పొగ కాదు, చెట్ల తలలు కమ్మేసే జిడ్డు పొగ. దక్షిణామూర్తి ఇసుకలో లేచి నిలబడ్డాడు. నూనె మాడింది. ఆ ఇంట్లో తన ఎరుకలో ఎప్పుడూ మాడని నూనె వాడి చేతిలో మాడింది. అతను సంతోషించాడు. దాన్ని ఇంకో మాటతో చెప్పడం నాకు చేతకాదు. ఆరీ ఆరని వట్టివేళ్ళు మూటగట్టించి, దొరికిన పడవ ఎక్కి, దారి పొడుగునా నూకరాజుని తొందరపెడుతూ ఒడ్డుకి చేరాడు. గట్టు ఎక్కుతుండగా తన ముఖానికి విచారం ఎలా అతకాలో సరిచూసుకున్నాడు.

పెరట్లో భీమలింగం గొంతుక్కూర్చుని, మసిబారిన గుండిగని చింతపండూ బూడిదా పెట్టి తోముతున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. కళ్ళు ఎర్రబడి, కింద నల్లటి చారలు పడి ఉన్నాయి. రోజూ అద్దంలో చూసుకునే కళ్ళని మరొకరి ముఖంలో చూసి దక్షిణామూర్తి ఒక్క క్షణం తెల్లబోయాడు.

“వచ్చావా అన్నయ్యా!” అని భీమలింగం ఆ బూడిద చేతులతోనే లేచి వచ్చాడు. “నువ్వు లేకపోతే చూశావా, ఎంత పని జరిగిపోయిందో. పొయ్యి దగ్గరే కూర్చున్నాను, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే తూలిపోయాను. అమ్మగారు వాసన పసిగట్టి కేకేసేదాకా నాకు ఒళ్ళు తెలీలేదు.”

“పొయ్యి దగ్గర నిద్రేవిట్రా, రాత్రంతా పడుకోలేదా?”

“ఎక్కడ పడుకోమంటావు? నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ కన్ను మూస్తే ఒట్టు. జాము దాటిపోతుందేమో, నిప్పు ఆరిపోతుందేమో అని ఒకటే దడ. వచ్చిన కొత్తలో కూడా అంతే, భయానికి నిద్రుండేది కాదు. అప్పుడు నువ్వు చాపని ఇటు జరుపుకున్నావు చూడు, నువ్వు తెల్లవార్లూ మేలుకునే ఉంటావని అప్పుడు తెలిసింది. వేళ కాగానే నువ్వు దగ్గుతావు, లేచి కూర్చుంటావు. నేను లేస్తాను. మూర్తి అన్నయ్య ఉన్నాడు, ఇంక మనకేం భయం అని ఆ రోజు నుంచీ ఒళ్ళు మరిచి పడుకునేవాణ్ణి.”

దక్షిణామూర్తి తెచ్చిపెట్టుకున్న విచారం ముఖం మీద నిలవలేదు. “నేను మేలుకుని ఏం చేస్తున్నాననుకున్నావు?” అని అడిగాడు.

“చదువుకుంటున్నావనుకున్నాను, మనసులో. అంత విద్య ఊరికే వస్తుందా?”

ఆ మాటలో వెటకారం ఉందేమోనని దక్షిణామూర్తి వెతికాడు. భీమలింగానికి వెటకారం చేతకాదు. దానికంటే కష్టం ఇంకేముంటుంది? ఇక దాచుకోలేక, ఇన్నాళ్ళుగా గుండెల మీద కూర్చున్న ప్రశ్న బయటపెట్టాడు. “తెల్లవారుజామున గురువు గారు నీ చెవిలో ఏం చెబుతారు?”

“నాకా? నాకేం చెబుతారు? కొత్తలో ‘నిప్పు జాగ్రత్త’ అనేవారు. ఇప్పుడు ‘మీ అన్నయ్య ఇవాళైనా పడుకున్నాడా’ అని అడుగుతారు. లేదండీ అంటాను. వెళ్ళిపోతారు.”

లోపల నుంచి శాస్త్రులు గారి భార్య సూరమ్మ గారు ఇద్దరికీ మజ్జిగ తెచ్చి, ఒకరి తరవాత ఒకరి ముఖం చూసి, “బావుంది, ఇద్దరికిద్దరూ దెయ్యాల్లా తయారయ్యారు. తాగి చెరో మూలా పడుకోండి” అని చెంబులు అక్కడ పెట్టి వెళ్ళింది. భీమలింగం తన చెంబు ఎత్తి గటగటా తాగాడు. గుండిగ కడిగి బోర్లించాడు. వసారాలోకి వెళ్ళి చాప మీద వాలాడు. దక్షిణామూర్తి మజ్జిగ పట్టుకుని అలా నిలబడి ఉండగానే, లోపల నుంచి గురక మొదలైంది. తను ఊళ్ళోకి వచ్చి పట్టుమని ఒక పూట కూడా కాలేదు.

సిగ్గుపడాల్సిన చోట సిగ్గుపడి ఊరుకుంటే అతని కథ ఇంతటితో అయిపోయేది. కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. కానీ ఆ గురక వింటున్న కొద్దీ సిగ్గు వెనక్కి పోయి పాత మంటే పైకి వచ్చింది, ఈసారి లెక్కతో సహా. ఇన్నాళ్ళ తన జాగరణ అంతా ఆ పెద్ద ఒంటి కింద పరుపై పడి ఉంది. తను కన్ను మూయని రాత్రులన్నీ వాడికి జమ అయ్యాయి. చేతిలో చెంబు అరుగు మీద పెట్టి తిన్నగా గురువు గారి గదిలోకి వెళ్ళాడు. శాస్త్రులు గారు కల్వంలో ఏదో నూరుతున్నారు. ఆయన తలెత్తకముందే గబగబా చెప్పేశాడు.

“రోగులెవరూ లేరండీ. నిద్ర పట్టనిది నాకే. ఎందుకు పట్టలేదో ఇవాళ తెలిసింది. నా నిద్ర ఇన్నాళ్ళూ వాడు పోతున్నాడండీ!”

శాస్త్రులు గారు నూరడం ఆపారు. నవ్వలేదు, కోప్పడలేదు. లేచి వెళ్ళి గోడన వేలాడుతున్న పనసకర్ర గరిటె తీశారు. దాని మీది జిడ్డు ఉత్తరీయం చెంగుతో తుడిచారు. వణుకుతున్న చేత్తో తెచ్చి దక్షిణామూర్తి చేతుల్లో పెట్టారు.

“ఇంద. నూనె ఈ రోజు నుంచి నీది. వైద్యశాల కూడా నీదే. నాడి చూసేటప్పుడు తొందరపడకు, మిగతాదంతా నీకు వచ్చు.”

ఏళ్ళ తరబడి కోరుకున్నది చేతికి వచ్చేసింది. దక్షిణామూర్తి వంగి గురువు గారి పాదాలకి దణ్ణం పెట్టాడు. అతను పైకి లేచేవరకూ ఆగి శాస్త్రులు గారు మళ్ళీ అన్నారు.

“మర్మం ఏదో ఉందని చూస్తున్నావు కాబోలు. నాకు తెలిసినది గ్రంథంలో ఉన్నదే. వత్తి చిటపటలాడకపోతే దించెయ్యడమే. ఇక భీమలింగం సంగతి. పక్కన వాడుంటే నీకు నిద్ర పట్టడం లేదంటున్నావు, అదీ ఆలోచించాను. అవతలి లంకలో వైద్యుడు లేక జనం పడవ కోసం పడిగాపులు పడుతున్నారు. వీర్రాజు ఎప్పటి నుంచో ఒక పాక వేసి ఇస్తానంటున్నాడు. వాణ్ణి అక్కడికి పంపించేస్తాను. ఇక్కడ ఆ గురక ఉండదు, పోటీ ఉండదు, వాడి పొడే ఉండదు. హాయిగా పడుకుంటావా?”

“పడుకుంటానండీ” అన్నాడు దక్షిణామూర్తి.

నిజంగానే అన్నాడు. గరిటెని రెండు చేతులా గుండెకి ఆనించుకుని గుమ్మం దాకా నడిచాడు. అక్కడ అతని నడక నెమ్మదించింది. వసారాలో గురక వినిపిస్తోంది. పెరటి గోడ మీదుగా నది మెరుస్తోంది, నదికి అవతల లంక చెట్లు మసకగా కనిపిస్తున్నాయి. ఆ చెట్ల పైన ఇంకా ఏ పొగా లేదు. దక్షిణామూర్తి అటే చూస్తూ కాసేపు నిలబడ్డాడు. గడప దాటబోయి మళ్ళీ వెనక్కి తిరిగాడు. అడగకూడదని అతనికి తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

“గురువు గారూ... అక్కడ వాడి దగ్గరికి చాలామంది వస్తారంటారా?”

శాస్త్రులు గారు అతని వైపు చాలాసేపు జాలిగా చూశారు. తరవాత వాకిట్లో పడుతున్న ఎండ వైపు చూశారు.

“ఇంకా మధ్యాహ్నమే కదా నాయనా,” అన్నారు, “అప్పుడే రాత్రి కాపలాకి బయలుదేరావా?”